ఐదు గ్రాముల కాక్

బ్యాడ్మింటన్ డబుల్స్‌లో నెట్ దగ్గర నిలబడ్డవాణ్ని ఒక దురద పీడిస్తుంది. వెనకాల జోడీ ఏం చేస్తున్నాడో మెడ తిప్పి చూడాలని. పదిహేనేళ్లు ఆడినా నాకది పోలేదు. రెండేళ్ల కిందట ఓ ఉదయం అవతలివాళ్లు కాక్‌ని పైకి లేపారు, మా జోడీ ఎగిరాడు, నేను తిరిగాను. అతని స్మాష్ సరాసరి నా కుడికంటికి తగిలింది.

ముందు మెరుపు, తరవాత ఎర్రటి పొగ. చుట్టూ ఉన్నవాళ్లు తలో వైద్యం చెప్పారు. చన్నీళ్లు కొట్టమన్నారొకరు. రుమాలు ముద్దచేసి, నోటితో ఆవిరి ఊది అద్దబోయారింకొకరు. చిన్నప్పుడు అమ్మ కొంగుతో చేసిన వైద్యమే అది. కానీ దెబ్బతిన్న కంటిని నొక్కకూడదు, నులమకూడదు. గుడ్డు చిట్లి ఉంటే ఆ కాస్త ఒత్తిడికే లోపలిది బయటికొస్తుంది. చుట్టూ ఎముక మీద ఆనేలా ఓ పేపరు కప్పు బోర్లించుకుని, తిన్నగా కంటి ఆస్పత్రికి వెళ్లాలి. ఇదంతా డాక్టరుగారు చెప్పాకే నాకు తెలిసింది.

కార్నియాకీ రంగుపొరకీ మధ్య గదిలో రక్తం చేరిందన్నారాయన. హైఫీమా. తలకింద రెండు దిండ్లు, చుక్కల మందు, వంగడం బంద్. రక్తం కరిగింది, చూపొచ్చింది. అయినా ఏటా కంటి పీడనం చూపించుకుంటూనే ఉన్నాను. కంటిలోని నీరు బయటికి పోయే మూల దెబ్బతింటే, ఎన్నో ఏళ్ల తరవాతైనా నీటికాసులు రావచ్చట.

అయిదు గ్రాముల వస్తువు ఇంత పని ఎలా చేసింది? చిన్నది కాబట్టే. క్రికెట్ బంతి అడ్డుకొలత ఏడు సెంటీమీటర్లు దాటుతుంది. అది మీదికొస్తే నుదుటి గట్టూ, చెంప ఎముకా చాలావరకు కాచుకుంటాయి. కాక్ కింది బెండు 25 నుంచి 28 మిల్లీమీటర్లే, ఆ రెంటి మధ్య నుంచీ దూరిపోతుంది. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్‌కెక్కాడు. అది రాకెట్ వదిలిన క్షణపు వేగం. ఈకలు గాలిని పట్టుకుని కాక్‌ని ఇట్టే నెమ్మదిపరుస్తాయి. ప్రత్యర్థి దాకా వెళ్లేసరికి సగం ఉడుకు తగ్గుతుంది. రెండు మూడు మీటర్ల దూరంలో మెడ తిప్పిన సొంత జోడీకి ఆ దయ లేదు.

చిన్న వస్తువు సంగతికొస్తే, దక్షిణాఫ్రికా కీపర్ మార్క్ బౌచర్ ఆటను ముగించింది బంతి కూడా కాదు, కంటికి తగిలిన బెయిల్. 2012లో టాంటన్‌లో, ఇమ్రాన్ తాహిర్ బౌలింగ్‌కి హెల్మెట్ లేకుండా వికెట్ల దగ్గర నిలబడ్డాడు. స్పిన్నరే కదా అని! మా ఊళ్లో బిళ్ళంగోడు బిళ్ళ ఎన్ని కళ్ల మీదికొచ్చిందో ఎవరూ లెక్క రాయలేదు.

నాకు కళ్లజోడుంది కదా అని ధీమాగా ఉండేవాణ్ని. ఆ రోజు అది సంచిలో ఉండటమే మంచిదయిందన్నారు డాక్టరుగారు. మామూలు అద్దం పగిలితే ఆ ముక్కలే కంట్లోకెళ్తాయి. కాంటాక్ట్ లెన్సు అసలు అడ్డే కాదు. కావాల్సింది పాలీకార్బొనేట్ అద్దాలున్న ఆటల కళ్లజోడు, వెనక పట్టీతో. స్క్వాష్‌లో జూనియర్లకి అలాంటిది తప్పనిసరి చేశారు. మా బ్యాడ్మింటన్ వాళ్లకి మాత్రం వేలు పోసి బూట్లు కొనడం వచ్చు, దీనికొచ్చేసరికి నామోషీ. నేను పెట్టుకున్న మొదటిరోజు, “ఈతకొచ్చారా మాస్టారూ?” అన్నారు. ఉక్కకి మసకబారుతుంది, నిజమే. పాయింటుకోసారి తుడుచుకుంటాను.

మా జోడీ ఇప్పటికీ పెట్టుకోడు. మొన్న నేను వెనకున్నాను, కాక్ నెత్తిమీదికి తేలికగా వచ్చింది, చెయ్యెత్తాను. ముందున్న అతను తల తిప్పాడు. ఎత్తిన చేతిని ఆపుకుని డ్రాప్ వేశాను. నెట్‌కి తగిలి పడిపోయింది.

“అంత సులువుది కొట్టలేదేంటి మాస్టారూ!” అన్నాడు.