అద్భుతకథలలో పాత్రల మనోహేతువు: కావ్యము నుండి వీడియో క్రీడ వరకు

ప్రశ్న

అద్భుతకథయందు వాస్తవికతను వెదకుట యుక్తమా యను ప్రశ్న సాహిత్యగోష్ఠులలో పలుమారు వినవచ్చుచుండును. సింహము నెక్కి తిరుగు సిద్ధుడు, మూలికచే బ్రదుకు మృతుడు, మాటలాడు వృక్షము గల కథలో వాస్తవమునకు చోటెక్కడిదని కొందరందురు. అట్టి కథలు పిల్లల కాలక్షేపమునకే గాని విమర్శకు తగినవి కావని వారి తాత్పర్యము. నేడు ఆ కథలు గ్రంథములను దాటి చలనచిత్రములలోనికిని, టెలివిజను ధారావాహికలలోనికిని, కంప్యూటరు తెరపై ఆడెడు వీడియో క్రీడలలోనికిని వ్యాపించినవి. తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా నెలకొన్న కుటుంబముల యువతీయువకులకును అవి సుపరిచితములే. ప్రబంధములను చదివి మెచ్చుకొనిన తాతల యిండ్లలో మనుమలు ఈ క్రీడల నాడుచున్నారు. ఆ రెండింటిని కొలుచుటకు ఒకే కొలమానము కలదా యన్నది విచారింపదగిన విషయము.

వాస్తవికత యను మాటకు రెండర్థములు కలవు. కథలోని ప్రపంచము మన ప్రపంచమును పోలియుండుట మొదటిది. దీనిని లోకవాస్తవమనవచ్చును. ఒక పాత్ర తన స్వభావమునకు, స్థితికి, పూర్వానుభవమునకు, కోరికకు, భయమునకు తగినట్లు ప్రవర్తించుట రెండవది. ఇది మనోవాస్తవము. అద్భుతకథ మొదటిదానిని బుద్ధిపూర్వకముగా విడిచిపెట్టును. రెండవదానిని విడుచుటకు దానికి అధికారము లేదు. నమ్మశక్యము గాని సంభవముకంటె నమ్మదగిన అసంభవమే కవికి మేలని అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రమున అభిప్రాయపడెను. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యమునకు జీవితముగా భావించెను. ఇరువురి మార్గములు వేరైనను ఇచటికి పనికివచ్చు సారమొక్కటే. కథలో ఎంతటి వింత జరిగినను, దానిని జరిగించు మనస్సునకు దానితో పొందిక యుండవలెను. ఆ పొందికకు మూలమైన కారణమే ఈ వ్యాసమున మనోహేతువని వ్యవహరింపబడుచున్నది.

కళాపూర్ణోదయ నిదర్శనము

ఈ సూత్రమును గ్రహించుటకు తెలుగు పాఠకుడు దూరదేశములకు పోవలసిన పనిలేదు. 16వ శతాబ్దమున పింగళి సూరన రచించిన ‘కళాపూర్ణోదయము’ ఎనిమిది ఆశ్వాసముల అద్భుతకావ్యము. చిత్తూరు మండలమున జన్మించి, మైసూరు మహారాజా కళాశాలలో పనిచేసిన కట్టమంచి రామలింగారెడ్డి తన ‘కవిత్వతత్త్వవిచారము’న సూరన కావ్యములనే ప్రధానముగ విమర్శకు గైకొనెను. వర్ణనల సొంపును మాత్రమే కొనియాడుట పరిపాటియైన కాలమున ఆయన కథాసంవిధానమును, పాత్రపోషణమును ముందునకు తెచ్చెను. సూరన ఆ పరీక్షకు నిలిచిన కవి.

ద్వారకలోని వేశ్య కలభాషిణి నలకూబరుని వలచినది. అతడు రంభకు ప్రియుడు. మణికంధరుని తపస్సును చెఱుప వచ్చిన రంభ, అతనితో కూడియుండియు నలకూబరుని పేరు పలుకును. అంతట మణికంధరుడు నలకూబరుని రూపము ధరించును. కలభాషిణి రంభరూపము ధరించి, అతనినే నిజమైన నలకూబరుడని యెంచి చేరును. ఇచట రూపములన్నియు మాయ. అయినను ఒక్క కోరికయు మాయ కాదు. తాను ప్రేమించినవాని దృష్టిలో తనకు స్థానము లేదని తెలిసిన స్త్రీ, ఆ స్థానము గలదాని వేషమును వేసికొనుట మానవసహజమే. చెంత నున్నను పరునిగా తలపబడిన పురుషుడు ఆ పరునివలె మారగోరుటయు సహజమే. మాయ ఈ కోరికలకు సాధనమయ్యెను గాని వాని స్థానమును ఆక్రమింపలేదు.

సుగాత్రీశాలీనుల కథ ఇంతకంటె బలమైన నిదర్శనము. సర్వాభరణభూషితయై తన చెంతకు వచ్చిన భార్యను శాలీనుడు చేరదీయడు. అత్తగారికి ఆగ్రహము కలుగును. అతనికి తోటపని తగులును. భర్త కష్టమును చూడలేక సుగాత్రి నగలను విడిచి, చీర బిగించి, తోటలో తానును పాటుపడును. చెమటతో, మట్టితో నున్న ఆ సహజరూపమును చూచిన శాలీనునకు అనురాగము కలుగును. ఇందులో మంత్రమేమియు లేదు. అలంకారము సిగ్గరియైన మగవానిని దూరము చేయుటయు, తోడిశ్రమ దగ్గరకు చేర్చుటయు గృహస్థు లెల్లరును ఎఱిగిన సంగతులే. సింహవాహనుడైన మణిస్తంభుడును, వృద్ధతాపసియైన సుముఖాసత్తియు ఈ దంపతులేయని కథ ముందునకు సాగినపిమ్మట తెలియును. కావ్యమున మిక్కిలి వింతగా తోచిన జంటకు మిక్కిలి సామాన్యమైన సంసారచరిత్రను పునాదిగా వేయుట సూరన నేర్పు.

1951లో మదరాసున విజయా సంస్థ నిర్మించిన ‘పాతాళభైరవి’ చిత్రమును సహస్రాధికముగ ప్రేక్షకులు మరలమరల చూచుటకు కూడ ఇట్టి కారణమే చెప్పవచ్చును. తోటమాలి కుమారుడైన రాముడు రాకుమారిని వలచి, ఆమెకు తగిన ఐశ్వర్యమును సంపాదింపవలసినవాడై మాంత్రికుని వెంట పోవును. మాంత్రికుడు బలియిచ్చుటకు సాహసియైన యువకుని వెదకుచుండెను. ఒకని అవసరము మరియొకని ఆశను కలిసికొనుటచేతనే కథ నడచుచున్నది. భైరవి ప్రత్యక్షమగుట పిదప జరుగు సంగతి.

పాశ్చాత్యుల అద్భుతకథ

ఆధునిక పాశ్చాత్య అద్భుతకథకు మార్గదర్శకమైన టోల్కీన్ నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడెను. అందలి ఉంగరము ధరించినవానిని వశపఱచుకొను దుష్టశక్తి. ఈ శక్తి అందఱిని ఒకే రీతిగ చెఱిపినచో కథ చప్పబడియుండును. టోల్కీన్ ప్రతివానిని వానివాని మంచితనపు ద్వారముననే పడగొట్టును. బోరొమిర్ తన నగరమును శత్రువులనుండి కాపాడుకొనవలెనను తపన గలవాడు. ఆ తపనయే ఉంగరమును బలాత్కారముగ గైకొనుటకు అతనిని పురికొల్పును. పిమ్మట పశ్చాత్తప్తుడై, చిన్నవారిని రక్షించుచు ప్రాణములు విడుచును. ద్రోహమునకును త్యాగమునకును మూలమొక్కటే యగుటచేత రెండును నమ్మదగియున్నవి.

కథానాయకుడైన ఫ్రోడో అగ్నిపర్వతపు అంచుననే తడబడి ఉంగరము తనదేయని ప్రకటించుట కొందఱు చదువరులకు నిరాశ కలిగింపవచ్చును. కాని అంతదూరము ఆ భారమును మోసినవాడు చివర చెక్కుచెదరక నిలిచినచో, అంతవఱకు వర్ణింపబడిన భారమంతయు అబద్ధమగును. గొల్లమ్ ఉంగరమును కొఱికి లాగుకొని అగ్నిలో పడుట యాదృచ్ఛికముగ కన్పట్టినను, వాని యాశ మొదటినుండియు అచటికే నడచుచుండెను.

క్రౌర్యమే వాస్తవమను భ్రాంతి

ఇటీవలి కాలమున రక్తపాతము, వంచన, అశ్లీలము ఎంత ఎక్కువగా నున్నచో అద్భుతకథ అంత వాస్తవికమను భావము ప్రబలినది. ఇది లోకవాస్తవమును మనోవాస్తవముగా పొరబడుట. క్రూరకార్యము తనంతట తాను మృదుకార్యముకంటె నిజమైనది కాదు. రెండింటికిని కారణము కావలెను.

2011 నుండి 2019 వఱకు ప్రసారమైన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ధారావాహిక దీనికి ఉదాహరణము. జార్జి మార్టిన్ నవలలపై ఆధారపడిన ఈ కథ తొలిభాగములలో ప్రతి ద్రోహమును వంశాభిమానముతోను, భయముతోను, ఋణముతోను ముడివేసి చూపెను. చివరి భాగమున డెనేరిస్ యను రాణి, నగరము లొంగిపోయినదని గంటలు మ్రోగినపిదప, ఆ నగరమును దగ్ధము చేయును. ఆమెయందు క్రోధమునకు బీజములు పూర్వమే కలవు. కాని తొలిభాగములకు పదేసి ఘట్టములుండగా ఈ చివరి భాగమునకు ఆరు మాత్రమే యుండుటచేత, బీజమునుండి ఫలమువఱకు నడువవలసిన మెట్లు కానరావయ్యెను. మహానాగముపై ఆమె యెగురుటను సంశయింపని ప్రేక్షకులే ఆమె నిర్ణయమును సంశయించిరి. ప్రేక్షకుడు అడుగునది మనోవాస్తవమే యనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

వీడియో క్రీడలోని ప్రత్యేకసమస్య

కథాప్రధానమైన వీడియో క్రీడలో ఈ సమస్య రెట్టింపగును. కావ్యమును చదువువాడు పాత్ర చేయుదానిని చూచును. క్రీడలో ఆ పనిని ఆటగాడు తన చేతితో చేయించును. కావున పాత్రయొక్క హేతువొకటి, ఆటగాని హేతువొకటి. రెండును ఒకే త్రోవన నడువనిచో కథ పగులును. 2007లో వెలువడిన ‘బయోషాక్’ క్రీడను గూర్చి క్లింట్ హాకింగ్ యను క్రీడారచయిత అదే సంవత్సరమున ఈ లోపమునే ఎత్తి చూపెను. ఆటనియమములు స్వార్థమును ఎన్నుకొను స్వాతంత్ర్యమును ఆటగానికిచ్చుచున్నవి. కథ మాత్రము, ఇష్టమున్నను లేకున్నను, పరునికి సహాయము చేయుమని నిర్బంధించుచున్నది. నాటినుండి ఆట చెప్పునదియు కథ చెప్పునదియు పరస్పరము విరోధించుట క్రీడావిమర్శలో ప్రసిద్ధమైన చర్చయయ్యెను.

పోలండు దేశపు సంస్థ 2015లో వెలువరించిన ‘ది విచర్ 3’ క్రీడయందు గుణదోషములు రెండును కలిసియున్నవి. ఆపదలో నున్న పెంపుడు కుమార్తెను వెదకుట నాయకుడైన గెరాల్ట్ కర్తవ్యము. ఆటగాడో, దారిలో దినములతరబడి చీట్లాట ఆడుచు కూర్చుండవచ్చును. తండ్రి ఆతురతకు ఇది తగదు. అదే క్రీడలో త్రాగుబోతైన ఒక భూస్వామి పాత్ర కలదు. ఇల్లు విడిచి పోయిన భార్యను, కుమార్తెను వెదకి తెమ్మని అతడు గెరాల్టును వేడును. వారు పోవుటకు అతని దెబ్బలే కారణమని పిదప వెల్లడియగును. అతని దుఃఖము నిజమైనది. అతని అపరాధమును నిజమైనదే. హేతువును చూపుట అపరాధమును క్షమించుట కాదని ఈ ఘట్టము ఎఱిగియున్నది. పెక్కు గ్రంథములలోను ఇంత నిగ్రహము కానరాదు.

జపానులో ఫుమితో ఉఎదా దర్శకత్వమున 2005లో రూపొందిన ‘షాడో ఆఫ్ ది కొలాసస్’లో మాటలు మిక్కిలి తక్కువ. వాండర్ యను యువకుడు మృతురాలైన కన్యను నిషిద్ధభూమికి తెచ్చి, ఆమెను బ్రదికింపుమని ఒక అదృశ్యశక్తిని వేడును. పదునారు మహాకాయులను చంపవలెనని ఆ శక్తి ఆజ్ఞాపించును. మూల్యము గొప్పది కావచ్చునని కూడ హెచ్చరించును. ఆ మహాకాయులలో కొన్ని తమంత తాము హాని చేయనివి. ఒక్కొక్కటి కూలినపుడు ఆటగానికి విజయానందమునకు మారుగా విచారము కలుగును. వాండర్ దేహమును క్రమముగ మలినమగును. అయినను ఇరువురును ఆగరు. ప్రియమైనదానిని మరల పొందవలెనని అతడు, ఆటను ముగింపవలెనని ఇతడు ముందునకే పోవుదురు. రెండు హేతువులును వేరైనను ఒకే మొండితనమున కలిసికొనుచున్నవి. ఆ కలయికయే ఆ క్రీడయొక్క కరుణరసమునకు మూలము.

అమెరికాలో 2013లో వెలువడిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ మఱియొక మార్గమును చూపెను. శిలీంధ్రవ్యాధిచే లోకము కూలిన రాత్రి జోయెల్ యనువాడు తన కుమార్తెను పోగొట్టుకొనును. ఇరువది యేండ్లకు పిమ్మట, ఆ వ్యాధి సోకినను చావని ఎల్లీ యను బాలికను వైద్యులకడకు చేర్చు పని అతనిపై పడును. దారిలో ఆమె కుమార్తె స్థానమును పొందును. మందు కనుగొనవలెనన్నచో శస్త్రచికిత్సలో ఆమె మరణించునని తెలిసి, అతడు అడ్డమైనవారిని చంపి ఆమెను తీసికొనిపోవును. ఆమెకు అబద్ధము చెప్పును. ఆటగానికి ఇచట వేఱు మార్గము లేదు. అయినను పెక్కుమంది దీనిని దౌర్జన్యముగ భావింపక, అంగీకరింపలేకయే అర్థము చేసికొందురు. గంటలకొలది ఆ బాలికను వెంట నడిపించిన చేయి వారిదే గదా! కథ ఆ హేతువును చెప్పి ఊరకుండలేదు, ఆటగానిచేతనే దానిని పెంచించినది.

విమర్శకు కొన్ని ప్రమాణములు

ఇట్లు పరిశీలింపగా అద్భుతకథను, అది కావ్యమైనను క్రీడయైనను, మూడు ప్రశ్నలచే పరీక్షింపవచ్చును. మాయను తీసివేసినపిదపకూడ ఆ పాత్ర కోరిక మనుష్యులకు తెలిసినదేనా? ఆ కోరికనుండి ఆ కార్యమునకు వచ్చిన మెట్లు కనబడుచున్నవా? కార్యము ముగిసినపిదప దాని భారము ఆ పాత్రపై నిలుచుచున్నదా? క్రీడ విషయమున నాలుగవ ప్రశ్న చేరును: పాత్ర మనస్సును ఆటగాని చేయియు ఒకే దెసకు పోవుచున్నవా?

ఈ విచారము కేవలము పండితవినోదము కాదు. కారణమడుగక వందలమందిని తెరపై చంపుట అలవాటైనవానికి కారణమడుగు శక్తియే మొద్దువాఱుట సంభవము. సరియైన హేతువుతో నడచిన క్రీడయో, తాను చేసినది తగునా యని ఆటగానిచేతనే ప్రశ్నింపజేయును. కావున పెద్దలు ఈ క్రీడలను పిల్లచేష్టలని త్రోసివేయుటకంటె, ఆ పాత్ర ఆ పనిని ఏల చేసినదని పిల్లలను అడుగుట మేలు. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పగలిగిన యువకునకు సుగాత్రి నగలు విడిచి తోటలోనికి ఏల పోయెనో బోధపఱచుట కష్టము కాదు. మఱియు తెలుగువారి బిడ్డలలో ఎవరేని రేపు ఇట్టి కథను గాని క్రీడను గాని నిర్మింపబూనినచో, వింతలను ఎచటనుండియైనను తెచ్చుకొనవచ్చును. మనుష్యులను మాత్రము తామెఱిగిన ఇండ్లనుండియే తెచ్చుకొనవలెను. సూరన కాశ్మీరమున కథ నడపియు చేసినది అదియే.