పెళ్లి అయ్యాక మొదలయ్యే పని

పెళ్లి ఫొటోగ్రాఫర్ల నేర్పంతా కెమెరాలోనే ఉందనుకుంటాం. కానీ వేల ఫొటోల్లోంచి జీలకర్ర-బెల్లం క్షణాన్ని ఏరి పట్టుకునే వాళ్ల ఓపికంటేనే నాకు ఎక్కువ గౌరవం. అందుకు తగిన సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడమూ పనితనమే. ఫొటో మెకానిక్ అనే సాఫ్ట్‌వేర్, రా ఫైల్లో కెమెరా ముందే పొదిగిన జేపెగ్‌ను చూపిస్తుంది. అందుకే ఫొటోలు చకచకా కదులుతాయి. డిజీక్యామ్ అనే మరో సాఫ్ట్‌వేర్ అయితే ఉచితం.

వేగం కన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది. ఫొటోల్లోని వాళ్లకు మనం రాసిన పేర్లు, పెట్టిన స్టార్ గుర్తులు ఆ సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌లోనే చిక్కుకుపోతాయా, ఎక్స్‌ఎంపీ ఫైళ్లుగా ఫొటో పక్కనే ఉంటాయా? పక్కనే ఉంటే, రేపు సాఫ్ట్‌వేర్ మారినా తాతయ్య పేరు ఫొటోతోపాటే వెళ్తుంది. పని తెలిసినవాళ్లు ఇది తేల్చుకున్నాకే ఎంచుకుంటారు. పైగా రెండు హార్డ్‌డిస్కుల్లో కాపీలు తీసి, ఒకటి వేరే ఇంట్లో దాస్తారు.