తోమని ఇత్తడి

చింతపండు తేకండి! తాతలనాటి పెట్టెలో, నూనెగుడ్డ మడతల్లో పాత గాలపు రీలు బయటపడిందా? దాన్ని తళతళలాడించాలన్న ఆత్రం కాస్త ఆపుకోండి. కిటికీ దగ్గరికి తెచ్చి, వెలుగులో మెల్లగా తిప్పి చూడండి. ముఖమంతా ముదురు గోధుమ ఛాయ. వేలు ఆనే అంచున మాత్రం ఆ ఛాయ పల్చబడి, లోపలి పసిమి తొంగిచూస్తుంది. ఏళ్ల తరబడి ఒక చేయి నిమిరి నిమిరి తెచ్చిన వన్నె అది. ఏ కంసాలి తేగలడు దాన్ని! సేకర్తలు వెల కట్టేదీ దానికే. పాలిష్ పడిందా, మెరుపు వస్తుంది, ధర దిగిపోతుంది.

ఇంగ్లండ్ ఉత్తరపు కొసన ఆనిక్ అనే ఊళ్లో 1872లో విలియం హార్డీ తుపాకుల దుకాణం తెరిచాడు. తమ్ముడు జాన్ జేమ్స్ తోడయ్యాక గాలం వేసేవాళ్ల లోకంలో ఆ ఇంటిపేరుకు తిరుగు లేకపోయింది. 1891 నాటి వారి ‘పర్ఫెక్ట్’ రీలు మీ పెట్టెలో ఉంటే అదృష్టమంటే మీదే. నిలువెల్లా ఇత్తడి, దంతపు పిడి, గాలపు కర్ర పట్టిన చేతి ముద్ర! చెవి దగ్గర పెట్టుకుని తిప్పండి. పళ్లచక్రం మీద నాలుక పలికే ఆ కిర్రు వినండి. ట్వీడ్ నది లోతుల్లో సాల్మన్ ఒక్క ఉదుటున పరుగందుకున్నప్పుడు ఈ కిర్రే కేకయి, ఒడ్డున ఎన్ని గుండెలను ఝల్లుమనిపించిందో!

ఇక ఈకల ఎరలు. ‘జాక్ స్కాట్’ అనే ఎరను అరచేతిలో పెట్టుకుని చూడండి. ఒళ్లు సగం పసుపు పట్టు, సగం నల్ల పట్టు. పైన రంగురంగుల ఈకల దొంతర. చెక్కిళ్ల దగ్గర మైనపు బొట్టులా నిగనిగలాడే చిన్న ఈక. అది మన దక్షిణాది కొండల అడవికోడి పుంజు మెడ ఈక! పడమటి కనుమల పొదల్లో కూసిన పుంజు స్కాట్లండ్ చలినీళ్లలో చేపను మురిపించింది. కొక్కేనికి లోహపు కన్ను లేక, పట్టుపురుగు నుంచి లాగిన నరంతో ఉచ్చు కట్టి ఉంటే అది పాత పద్ధతి ఎర. ఆ నరం ఎండి పెళుసెక్కి ఉంటుంది, లాగకండి. చిమ్మటలు ముట్టకుండా అది ఇన్నాళ్లు నిలవడమే ఓ వింత.

ఆరు వెదురు బద్దలు అతికించిన కర్రలూ చూడముచ్చటైనవే. అయితే పొడవాటి సాల్మన్ కర్రలకు మంచి రీళ్లకున్నంత గిరాకీ లేదు. కొస విరగకుండా, ముక్కలు కురచ కాకుండా, గుడ్డసంచితో సహా ఉంటేనే ఆశ పెట్టుకోవచ్చు.

తోలుపెట్టె దొరికితే మాత్రం వదలకండి. మూత తెరవగానే ఎర్రని మఖమల్, అందులో రీలు ఆకారానికే పడిన గుంట! పాత గాలపు సామానుకు ప్రత్యేకంగా వేలాలు ఇంగ్లండ్‌లో జరుగుతుంటాయి. పంపేటప్పుడు రీలును ఆ గుంటలోనే ఉంచి పంపండి. పెట్టె చిరిగి ఉన్నా సరే, కుట్టించకండి.