రుద్రవనం ఏ మండలంలో ఉంది?

తెలుగులో ఈమధ్య చేతబడి ఊళ్ల సినిమాలు పెరిగాయి. 2023లో వచ్చిన ‘విరూపాక్ష’లో ఆ ఊరి పేరు రుద్రవనం. కల్పిత గ్రామం. 1979లో అక్కడ పిల్లలు చనిపోతుంటే, క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను ఊరంతా కలిసి బతికుండగానే తగలబెడుతుంది. వాళ్ల శాపం పుష్కరం తిరిగాక, 1991లో ఊరికి తగులుతుంది. పొలిమేరలు మూసేస్తారు. హీరో రహస్యం ఛేదిస్తాడు.

దర్శకుడు కార్తీక్ వర్మ దండుకు భయపెట్టడం వచ్చు. మేమూ భయపడ్డాం. మా పేచీ అక్కడ కాదు. ఊరంతా కలిసి మనుషుల్ని కాల్చిన కథలో, ఊరిని ఎవరు చంపుతున్నారన్నదే ప్రశ్న ఎలా అయింది? కాల్చినవాళ్లు బాధితులయ్యారు. వాళ్లను కాపాడటం హీరో పని అయింది. శాపం పెట్టినవాళ్లు దయ్యాల లెక్కలోకి పోయారు.

1991 అంటే మా వైపు గుర్తొచ్చేది రుద్రవనం కాదు, చుండూరు. అప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల. ఆగస్టు 6న 8 మంది దళితుల్ని వెంటాడి నరికారు. కొన్ని శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. తగాదా మొదలైంది ఎక్కడనుకున్నారు? సినిమా హాల్లో. దళిత కుర్రాడి కాలు ముందు సీట్లోని అగ్రకులస్తుడికి తగిలిందని! 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు శిక్షలు పడ్డవాళ్లందరినీ వదిలేసింది. చచ్చినవాళ్లు 8 మంది ఉన్నారు, చంపినవాళ్లు ఎవరూ లేరు. ఇంతకు మించిన దయ్యం కథ ఏ రచయిత రాయగలడు? ఊళ్లో రహస్యమంటే అందరికీ తెలిసీ సాక్ష్యానికి రానిదే. దాన్ని ఛేదించడానికి తాళపత్రాలు అక్కర్లేదు.

ఇలాంటి కథల్లో మాకూ ఒక వేషం ఉంచారు. సాంబ్రాణి పొగ, నెమలీకల కట్ట, చేతిలో తాయెత్తు. వారపత్రికల సీరియళ్ల కాలం నుంచీ చూస్తున్నాం. సాయిబు రాత్రిపూట వస్తాడు, దయ్యాన్ని దింపుతాడు, తెల్లారేసరికి మాయమైపోతాడు. అతనికి ఇల్లుండదు, పెళ్లాం పిల్లలుండరు, కూలి రేటు గురించి గొడవుండదు. పత్తి పండే ఈ నేల మీద దూది ఏకి, ఊరందరికీ పరుపులు కుట్టిన దూదేకుల కుటుంబాలు ఏ కథలో ఉన్నాయి? మిరపకోతలకు పోయి, రాత్రికి కూడా మంట చల్లారని చేతులతో రొట్టె చేసుకునే మా ఆడవాళ్లు ఏ కథలో ఉన్నారు? బిడ్డ కోలుకుంటే ‘సాయిబుగారు’. కోలుకోకపోతే అదే తాయెత్తు చేతబడి అవుతుంది. ఆ ‘గారు’ ఎగిరిపోవడానికి ఒక్క చావు చాలు. అందుకే రుద్రవనం జంట కాలుతుంటే మేం మంట పెట్టేవాళ్ల పక్కన నిలబడి చూడలేకపోయాం. హాల్లో ఈలలు వేసినవాళ్లకు ఆ ఇబ్బంది లేదు.

ఇక ఊళ్లో వరసచావులంటారా? 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేస్తే గుంటూరు, ప్రకాశం రైతులు చేలో కొట్టాల్సిన మందు తాగి చచ్చిపోయారు. అప్పు ఇచ్చిందెవరో, మందు అమ్మిందెవరో ఆ ఊళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు.

పొలిమేర సంగతొకటి మిగిలింది. సినిమాలో దిగ్బంధనం వేస్తే ఎవరూ ఊరు దాటలేరు. 1985 జులై 17న కారంచేడులో దళితులు మంచినీళ్లు పట్టుకునే చెరువు దగ్గర గేదెల్ని కడగొద్దన్నందుకు దాడి జరిగింది. 6 గురిని చంపారు. మిగిలినవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఊరు దాటి చీరాలకు పరిగెత్తారు. మళ్లీ ఆ ఊరికి పోమన్నారు. చీరాలలోనే ఇళ్లు కట్టుకున్నారు.