పకడ్బందీ ఫిర్యాదు

1947లో ఐక్యరాజ్యసమితికి సొంత ఇల్లు లేదు. న్యూయార్క్ శివార్లలోని లేక్ సక్సెస్‌లో, యుద్ధకాలంలో సైనిక పరికరాలు తయారుచేసిన ఒక ఫ్యాక్టరీ భవనంలో తాత్కాలికంగా కాపురం పెట్టింది. ఆ ఏడాది అక్టోబరు 23న అక్కడికి ఇద్దరు మనుషులు ఒక పుస్తకం పట్టుకుని వెళ్ళారు. ఒకరు అమెరికా నల్లజాతి ప్రజల హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ కార్యదర్శి వాల్టర్ వైట్. రెండోవారు 79 ఏళ్ళ చరిత్రకారుడు, సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు.ఈ.బి. డుబాయిస్. సమితి మానవహక్కుల విభాగం డైరెక్టర్ జాన్ హంఫ్రీ తదితరుల చేతిలో వాళ్ళు పెట్టిన ఆ పుస్తకం పేరు 'ప్రపంచానికి అప్పీలు'. నిండా వంద పేజీలు లేవు. ఉపశీర్షిక మాత్రం మూడు నాలుగు వరుసలుంది, కోర్టు దావా తరహాలో.

అది ఏ సమయమో గుర్తుచేసుకోవాలి. నాజీల మీద గెలిచిన అమెరికా స్వేచ్ఛకు తానే పెద్దదిక్కునని చెప్పుకుంటోంది. సమితి మానవహక్కుల కమిషన్‌కు అధ్యక్షురాలు మాజీ అధ్యక్షుడి భార్య ఎలియనోర్ రూజ్వెల్ట్. తూర్పు యూరప్‌లో ఎన్నికలు సక్రమంగా జరగడం లేదని అమెరికా విదేశాంగ శాఖ సోవియట్ యూనియన్‌ని నిలదీస్తోంది. ఆ ఫిర్యాదు అబద్ధమేమీ కాదు. కానీ అదే సమయంలో మిసిసిపీలో నల్లవాడు ఓటు అడిగితే ప్రాణం మీదికొచ్చేది.

ఇలాంటి చోట ఎవరికైనా నోటికొచ్చే మాట ఒకటే: నువ్వేం తక్కువ తిన్నావు? ప్రభుత్వాలకు ఇది కొట్టినపిండి. సోవియట్ లేబర్ క్యాంపుల గురించి అమెరికా మాట్లాడితే మీ దగ్గర నల్లవాళ్ళని చంపి చెట్లకు వేలాడదీయడం లేదా అని మాస్కో అడిగేది. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరికీ అవతలివాడి బాధితుల మీదే ప్రేమ. ఈ వాదులాటలో అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయేది: మరి చచ్చినవాడి సంగతేమిటి? డుబాయిస్ సంపాదకత్వంలో వచ్చిన ఈ పుస్తకం పనితనమంతా ఆ ఎత్తిపొడుపుని పక్కనపెట్టి, అదే సరుకుతో ఒక వ్యాజ్యాన్ని నిర్మించడంలో ఉంది. ఎలా నిర్మించారో చూడటమే ఇక్కడ నా పని.

మొదటి అధ్యాయమైన ముందుమాట డుబాయిస్‌ది. అది ఒక అంకెతో మొదలవుతుంది: 1940 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో నల్లవాళ్ళు 1,28,65,518 మంది. గుండ్రంగా కోటీ ముప్ఫై లక్షలని రాయొచ్చు. రాయలేదు. 1899లోనే ఫిలడెల్ఫియా నల్లవాడల మీద ఇంటింటి సర్వేతో పుస్తకం వేసిన మనిషికి చివరి అంకె విలువ తెలుసు. అది ఆయన సొంత లెక్క కాదు, అమెరికా ప్రభుత్వ లెక్క. ముద్దాయి దస్తావేజు నుంచే తీసిన సాక్ష్యాన్ని ముద్దాయి కాదనలేడు. పుస్తకం పొడుగునా ఇదే పద్ధతి. వాడిన సరుకులో ఎక్కువ భాగం అమెరికా చట్టాలు, అమెరికా కోర్టుల తీర్పులు, అమెరికా ప్రభుత్వ గణాంకాలు.

ఆ అంకెని ఆయన అక్కడే వదిలెయ్యడు. ముందుమాట చివరికొచ్చేసరికి మళ్ళీ పట్టుకుంటాడు. మా జనం అర్జెంటీనా జనమంత ఉన్నాం, కెనడా కన్నా ఎక్కువ, ఇథియోపియా కన్నా ఎక్కువ, ఆస్ట్రేలియాకు రెట్టింపు అంటూ దేశాల పేర్లు వరసపెట్టి చదువుతాడు. వాటిలో చాలా దేశాలకు సమితిలో కుర్చీ ఉంది. వీళ్ళకి లేదు. మాకన్నా చిన్న దేశాలు అక్కడ నోరు విప్పగలుగుతున్నప్పుడు మా గొంతు నొక్కకూడదని ఆయనే అంటాడు. జాబితాలో దక్షిణాఫ్రికా పేరు కూడా వినిపిస్తుంది. ఆ పేరు ఎందుకు పెట్టాడో అప్పటి దౌత్యవేత్తలకు చెప్పక్కర్లేదు.

అసలు చిక్కుముడి వేరే ఉంది. సమితి చార్టర్‌లో మానవహక్కుల ప్రస్తావన ఉంది, నిజమే. దాంతోపాటే రెండో అధికరణం ఏడో క్లాజు కూడా ఉంది: సభ్యదేశాల అంతర్గత వ్యవహారాల్లో సమితి తలదూర్చకూడదు. 1945లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఈ తాళాన్ని గట్టిగా బిగించినవాళ్ళలో అమెరికా ప్రతినిధి బృందం ముందుంది. పైగా 1947 మొదట్లో మానవహక్కుల కమిషన్ తన తొలి సమావేశంలోనే, వచ్చే ఫిర్యాదుల మీద ఏ చర్యా తీసుకునే అధికారం తనకు లేదని తేల్చేసింది. అంటే తలుపు మూసి ఉందని తెలిసే ఈ పుస్తకం రాశారు.

డుబాయిస్ దాన్ని తెరిచిన తీరు చూడండి. ఇది ప్రధానంగా మా దేశ అంతర్గత సమస్యేనని తనే ఒప్పేసుకుంటాడు. ప్రత్యర్థి చేతిలోని ఒకే ఒక ఆయుధాన్ని తానే లాగేసుకోవడం ఇది. కానీ అది అంతటితో ఆగేది కాదని చూపడానికి మూడు సంఘటనలు చెబుతాడు. అమెరికాకు పొరుగునున్న ఒక దేశాధినేత మేనల్లుడు ఫ్లోరిడా వచ్చాడు. అతన్ని నల్లవాడనుకుని పోలీసులు చంపేశారు. ఇల్లినాయ్‌లో మహాత్మాగాంధీ సొంత వైద్యుడు స్నేహితులతో కలిసి హోటల్‌కి వెళితే అన్నం పెట్టలేదు, నల్లవాళ్ళనుకుని. సమితి ఉద్యోగులు కాపురాలుండటానికి పనికొచ్చే ఇళ్ళు కడుతున్న ఒక పెద్ద బీమా కంపెనీ, ఎవరికి ఇవ్వాలో రంగు చూసి నిర్ణయిస్తామని పట్టుబట్టింది. మూడే. నాలుగోది లేదు. ప్రపంచ జనాభాలో ఎక్కువమంది ఒంటి రంగు ముదురే కాబట్టి, సమితి సభలకు వచ్చే మీలో ఎవరినైనా రేపు మాలాంటివాళ్ళు అనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు ఇది ఎవరి అంతర్గత వ్యవహారం?

నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. దశాబ్దాల ఊచకోతల చరిత్ర చేతిలో ఉంది. వాటితో చదువరిని ఏడిపించడం తేలిక. ఆ పని చెయ్యకుండా ఒక దౌత్యవేత్తకు తన భోజనం, తన అద్దె ఇల్లు, తన మేనల్లుడు గుర్తొచ్చేలా రాశాడు. జాలికి ఆయుష్షు తక్కువని తెలిసినవాడు చేసే పని అది. కాస్త కటువైన పని కూడా. మీకు మా మీద జాలి లేకపోయినా పర్లేదు, మీ గురించి మీరు ఆలోచించుకోండి అన్నట్టు ఉంటుంది.

రెండో తాళంచెవి ఓటు లెక్క. దక్షిణాది రాష్ట్రాల్లో సీట్ల సంఖ్య తేల్చేటప్పుడు నల్లవాళ్ళని జనాభాలో కలిపేవాళ్ళు. ఓటు దగ్గరికొచ్చేసరికి తీసేసేవాళ్ళు. దాంతో అక్కడ కొద్దిపాటి ఓట్లతోనే ఒకడు కాంగ్రెస్‌కి వెళ్ళిపోయేవాడు. యుద్ధాలూ ఒప్పందాలూ ఆ కాంగ్రెస్ ఓట్ల మీదే ఆధారపడతాయి. కాబట్టి మిసిసిపీలో ఆగిన ఓటు ప్రభావం ప్రపంచం మీద పడుతుందని వాదన. ఇక్కడే డుబాయిస్ సోవియట్ నాయకులిద్దరి పేర్లని, జాత్యహంకారానికి పేరుమోసిన మిసిసిపీ రాజకీయ నాయకులు బిల్బో, రాంకిన్‌ల పేర్లని ఎదురెదురుగా నిలబెట్టి, అమెరికాకు ఎవరివల్ల ఎక్కువ ముప్పో తేల్చి చెబుతాడు. పుస్తకం మొత్తంలో జనం గుర్తుపెట్టుకున్న వాక్యం అదే. ప్రచ్ఛన్నయుద్ధం మొదలైన ఏడాదిలో అలా రాయడానికి దమ్ముండాలి. అయితే ఆ తూకంలో అటువైపు పళ్ళెం మరీ తేలికైపోయిందని నాకనిపిస్తుంది. దాని సంగతి తర్వాత.

మిగతా ఐదు అధ్యాయాలూ ఐదుగురివి. ఎర్ల్ డికర్సన్, మిల్టన్ కాన్విట్జ్, విలియం మింగ్ చట్టాల చరిత్రని 1787 నుంచి తమ కాలం దాకా తీసుకొచ్చారు. లెస్లీ పెర్రీ నిత్యజీవితంలోని వివక్షని లెక్కలు కట్టాడు. లాయర్ల రాత లాయర్ల రాతలాగే ఉంటుంది. నడక బరువు, ఓపిక కావాలి. చివరి అధ్యాయం హోవార్డ్ విశ్వవిద్యాలయ చరిత్రకారుడు రేఫర్డ్ లోగన్ రాసింది. చార్టర్ ఏం చెబుతోంది, దాని కింద సమితి అప్పటికే ఏ నిర్ణయాలు తీసుకుంది అన్నదే అందులో విషయం. అలాంటి నిర్ణయాల్లో పెద్దది మన దేశం తెప్పించింది.

1946లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం భారతీయులు ఎక్కడ భూమి కొనాలో, ఎక్కడ ఉండాలో నిర్దేశిస్తూ చట్టం చేసింది. జనం దాన్ని ఘెట్టో చట్టమన్నారు. ఆ భారతీయుల్లో 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నటాల్ చెరకు తోటలకు కూలికి పోయిన తెలుగువాళ్ళూ ఉన్నారు. 1931కే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు వాళ్ళు. ఇంకా స్వతంత్రం రాని భారతదేశం తరఫున విజయలక్ష్మీ పండిట్ ఆ ఫిర్యాదుని సమితిలో వాదించారు. ఎదుట నిలిచింది దక్షిణాఫ్రికా ప్రధాని జాన్ స్మట్స్. సమితి చార్టర్ పీఠికలో మానవహక్కుల మాట రావడానికి కారకుడు ఆయనే. ఇంట్లో ఆ చట్టం చేసిందీ ఆయనే. ఇది అంతర్గత వ్యవహారమని ఆయన వాదించాడు. డిసెంబరు 8న 32 మంది అనుకూలంగా, 15 మంది వ్యతిరేకంగా ఓటేస్తే భారత్ నెగ్గింది. తాళం బద్దలవడం సాధ్యమేనని లేక్ సక్సెస్‌కి పుస్తకం పట్టుకెళ్ళినవాళ్ళకు ఆ ఓటింగ్ నేర్పింది.

ఇక పుస్తకం గతి. ఎన్ఏఏసీపీ పాలకమండలిలో ఎలియనోర్ రూజ్వెల్ట్ కూడా సభ్యురాలే. సమర్పణకు రమ్మంటే, వ్యక్తిగా రావాలనుందిగానీ అమెరికా ప్రతినిధిగా రాలేనని జవాబిచ్చారు. దీన్ని పరిశీలించాలని సోవియట్ ప్రతినిధి ప్రతిపాదించాడు. వీగిపోయింది. ఏడాది తర్వాత, 1948 డిసెంబరు 10న విశ్వ మానవహక్కుల ప్రకటన మీద ఓటింగ్ జరిగితే 48 దేశాలు సరేనన్నాయి, ఎనిమిది తప్పుకున్నాయి. ఆ ఎనిమిదిలో సోవియట్ యూనియన్ ఉంది, దక్షిణాఫ్రికా ఉంది. నల్లవాళ్ళ ఫిర్యాదుని నెత్తికెత్తుకున్న దేశం, తన నల్లవాళ్ళని తొక్కిపెట్టిన దేశం ఒకే బెంచీ మీద కూర్చున్నాయి.

అమెరికాకు మాత్రం తగలాల్సిన చోటే తగిలింది. ఇలాంటి పిటిషన్‌కు మన దేశంలో ఆస్కారం ఉండటమే అవమానమని అటార్నీ జనరల్ టామ్ క్లార్క్ బాహాటంగా అన్నాడు. 1952లో బడుల్లో వేర్పాటు కేసు సుప్రీంకోర్టులో ఉన్నప్పుడు, ఈ వివక్ష విదేశాల్లో మన పరువు తీస్తోందని ప్రభుత్వమే కోర్టుకు రాసిచ్చింది. 1954లో తీర్పొచ్చిన కాసేపటికే వాయిస్ ఆఫ్ అమెరికా దాన్ని ప్రపంచ భాషల్లో ప్రసారం చేసింది. పిల్లల చదువు కోసమా, పరువు కోసమా అని సందేహం వస్తే రావచ్చు. బడి తలుపు తీసినవాడి ఉద్దేశాన్ని ఆరా తీసే తీరిక ఆ తల్లిదండ్రులకు ఉండి ఉండదు.

సమితికి ఫిర్యాదు చేసే ఈ దారి మీద మన దేశంలో అంబేద్కర్ కన్ను ముందే పడింది. ఎన్ఏఏసీపీ కన్నా ముందే, 1946లో, నేషనల్ నీగ్రో కాంగ్రెస్ అనే మరో సంస్థ ఓ చిన్న పిటిషన్ సమితికి ఇచ్చింది. దాని ప్రతులు రెండు మూడు పంపమని ఆయన డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. అంటరానివాళ్ళు కూడా అదే దారిన వెళ్ళాలనుకుంటున్నారని చెప్పాడు. డుబాయిస్ సానుభూతితో జవాబిచ్చాడు. ఆ తర్వాత 55 ఏళ్ళకి, 2001లో, జాతివివక్ష మీద ప్రపంచ సదస్సు దక్షిణాఫ్రికాలోనే, డర్బన్‌లో జరిగింది. దళిత సంఘాలు కులం మాట ఎత్తితే భారత ప్రభుత్వం అడ్డుకుంది. అది మా అంతర్గత విషయమంది. దళితుల ఊచకోతలు జరిగిన కారంచేడు, చుండూరు పేర్లు తెలిసిన తెలుగు పాఠకులకు ఆ అడ్డుకోవడం ఎవరి నోరు నొక్కడమో వేరే చెప్పాలా? 1946లో మన ప్రతినిధి ఏ వాదాన్ని చిత్తుచేసి గెలిచారో, అదే వాదాన్ని మనం ఎత్తుకున్నాం.

డుబాయిస్ సంగతి తర్వాతన్నాను. 1948లో ఎన్ఏఏసీపీ ఆయన్ని తీసేసింది. 1953లో స్టాలిన్ చనిపోతే ఆయన గొప్పతనాన్ని కీర్తిస్తూ డుబాయిస్ నివాళి రాశాడు. చివరి అంకె దాకా లెక్కపెట్టే మనిషి అక్కడ లెక్కపెట్టడం మానేశాడు. దాన్ని క్షమించమని నేనడగను. అయినా 'అప్పీలు' ఆయన ఒక్కడి పుస్తకం కాదు, అందులోని ప్రతి వాదం రాసినవాళ్ళ స్వభావంతో నిమిత్తం లేకుండా తన కాళ్ళ మీద నిలబడుతుంది.

చదవాలనుకునేవాళ్ళకు డుబాయిస్ కాగితాల భాండాగారం మాసచూసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ గ్రంథాలయంలో ఉంది. అంబేద్కర్ ఉత్తరాన్నీ అక్కడే చూడొచ్చు. తీరిక తక్కువైతే మొదటి అధ్యాయం చదివి నేరుగా ఆరుకి దూకండి. లాయర్లైతే మధ్యలోవి వదలకండి.