బోర్డు పోయిందనే ముందు

పల్నాడులో లాప్‌టాప్ ఒకరితో ఆగదు. నరసరావుపేటలో ఇంజినీరింగ్ చదివిన అన్న నుంచి తమ్ముడికి, అతని నుంచి మాచర్లలో డిగ్రీ చదివే చెల్లెలికి చేరుతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే దాని అసలు వయసెంతో చెప్పడమే కష్టం. ఒకరోజు ఫ్యాను తిరుగుతుంది గానీ డిస్‌ప్లే రాదు. లేదంటే ప్రాజెక్టు పని మధ్యలో నీలం తెర పడుతుంది. దుకాణానికి తీసుకెళ్తే, "బోర్డు పోయిందన్నా" అంటారు. ఆ ఒక్క మాటతో పాత సామాన్ల కొట్టుకు చేరేవాటిలో కొన్నింటికి నిజానికి పోయింది ర్యామ్ మాత్రమే.

వాల్వు రేడియోల కాలం నుంచీ మన మెకానిక్‌లకు ఒక పద్ధతి ఉంది. అనుమానమున్న వాల్వు తీసేసి, పనిచేస్తుందని తెలిసిన వాల్వు పెట్టి చూడటం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఒకేసారి రెండు మారిస్తే తప్పెక్కడుందో తేలదు. ర్యామ్ దగ్గరా ఇదే విద్య.

ర్యామ్ ఎందుకు మొరాయిస్తుందో తెలిస్తే ఈ విద్య విలువ తెలుస్తుంది. లాప్‌టాప్‌లో ఉండే ర్యామ్ డీర్యామ్ అనే రకం. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ రూపొందించిన దానికి 1968లో పేటెంట్ వచ్చింది. అందులో ఒక్కో బిట్టుకు ఒక ట్రాన్సిస్టరు, ఒక చిన్న కెపాసిటరు. ఆ కెపాసిటరు చిల్లికుండలాంటిది, చార్జి కారిపోతూనే ఉంటుంది. అందుకే మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు మళ్లీ నింపాలి. వేడి పెరిగేకొద్దీ కారడమూ పెరుగుతుంది. చిప్ 85 డిగ్రీలు దాటితే రెండింతల వేగంతో నింపాల్సి వస్తుంది. రెంటచింతల ఎండల్లో, ఫ్యానులో దుమ్ము పేరుకున్న పాత యంత్రం లోపల ఎంత ఉడుకుతుందో ఊహించుకోవచ్చు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల చుట్టుపక్కల దుమ్ముకు కొదవలేదు. అది కాంటాక్టుల దాకా చేరితే ర్యామ్ బాగున్నా పని జరగదు.

ర్యామ్ తీసి చూడాలంటే ముందు చార్జరు తీసి, బ్యాటరీ విప్పి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టాలి. లోహాన్ని తాకి ఒంట్లో స్టాటిక్ వదిలించుకోవాలి. వెనక మూత తీస్తే ర్యామ్ కనిపిస్తుంది. కొన్ని మోడళ్లలో రెండో స్లాటు కీబోర్డు కింద ఉంటుంది, అది చూడకుండా వదిలేసేవారు ఎక్కువ. రెండు పక్కల క్లిప్పులనూ గోటితో బయటికి జరిపితే ర్యామ్ స్టిక్ తనంతట తానే ఏటవాలుగా లేస్తుంది. అంచులు పట్టుకుని అదే వాలులో లాగాలి. బంగారు పూత మసకబారితే మెత్తటి తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొట్టు దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఇంకు చెరిపే గరుకు రబ్బరైతే పూతనే తినేస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు చివరిదాకా దూర్చి కిందికి నొక్కితే రెండు క్లిప్పులూ టిక్కుమని పడాలి.

ఆ తర్వాత అసలు పరీక్ష. ఒక్క స్టిక్‌తోనే ఆన్ చేయాలి. దాన్నే రెండో స్లాటులో పెట్టి చూడాలి. రెండో స్టిక్‌కూ అలాగే. తప్పు స్టిక్ వెంట నడిస్తే స్టిక్‌దే, స్లాటు దగ్గరే ఆగిపోతే స్లాటుదో బోర్డుదో. డిస్‌ప్లే వచ్చినా పని ముగియలేదు. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి రాత్రంతా వదిలేయాలి. ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ మెమరీని నమ్మకూడదు. తర్వాత ఏ ఫైలు ఎప్పుడు చెడుతుందో చెప్పలేం.

కొత్తది కొనేటప్పుడు పిన్నులు సరిపోతే చాలనుకోకూడదు. డీడీఆర్3, డీడీఆర్3ఎల్ రెండింటికీ 204 పిన్నులే. మొదటిది 1.5 వోల్టులకు, రెండోది 1.35కు తయారైంది. 1.35కే కట్టిన యంత్రంలో మొదటిది పెడితే ఆ యంత్రం లేవకపోవచ్చు. పాత స్టిక్ చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లడం మంచిది.

కొత్త పల్చటి లాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. అక్కడ ఈ విద్యకు చోటు లేదు. నా దృష్టిలో పాత లాప్‌టాప్‌ల గొప్పతనం వాటిని విప్పగలగడమే. కాబట్టి బోర్డు మార్చాలని ఎవరన్నా చెబితే, "ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూశారా అన్నా? నా ముందే ఒకసారి పెట్టి చూపించండి" అని అడగండి. ఆ తర్వాతే డబ్బు తీయండి.