బ్యాచ్ నంబరు ఉన్న ముక్క

బీపీ మందుకు అనుమతి వచ్చేనాటికి దాన్ని వాడి చూసినవాళ్లు మహా అయితే కొన్ని వేల మంది. ఆ తర్వాత వేసుకునేది లక్షల మంది. అదీ ఏళ్ల తరబడి, షుగరు మాత్రలతో, నొప్పి మాత్రలతో కలిపి. అందుకే అసలు పరీక్ష బజార్లోకి వచ్చాకే మొదలవుతుందని మా ఫార్మకాలజీ విద్యార్థులకు చెబుతుంటాను. మిబెఫ్రాడిల్ అనే బీపీ మందు 1997లో అమెరికాలో అనుమతి పొందింది. వేరే మందులతో కలిస్తే ప్రమాదమని తేలి 1998లోనే బజారు నుంచి తప్పుకుంది.

బజార్లోకి వచ్చిన మందుపై కన్నేసి ఉంచే ఈ పనిలో మొదటి మెళకువ అడగడం. "మందు పడిందా అమ్మా?" అంటే "బానే ఉందండీ" అంటారు. "ఈ మాత్ర మొదలెట్టాక కొత్తగా ఏమొచ్చింది?" అని అడగాలి. అప్పుడు చెబుతారు, సాయంత్రానికి చెప్పు పట్టీ బిగిసిపోతోందని. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతుంది. చీటీలో చూస్తే అమ్లోడిపిన్. ఎనలాప్రిల్ వేసుకునే పెద్దాయన పొడిదగ్గుకు సిరప్‌లు తాగుతుంటారు. రెండూ తెలిసిన సైడ్ ఎఫెక్టులే. అయినా ఎప్పుడు మొదలైంది, ఎంత డోసు, ఆపాక తగ్గిందా అన్నవి సైడ్ ఎఫెక్టుల ఫారంలో రాయాల్సిందే. ఎంత తీవ్రంగా వస్తోందో అలా రాస్తేనే తెలుస్తుంది.

రెండోది బ్యాచ్ నంబరు. 2018 జులైలో యూరప్‌లో వల్సార్టాన్ అనే బీపీ మాత్రలను వెనక్కి రప్పించారు. ముడిమందు చేసే చైనా కంపెనీ 2012లో తయారీ పద్ధతి మార్చడంతో, క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న ఎన్‌డీఎంఏ అనే మలినం అందులో చేరింది. ఎవరూ దానికోసం వెతకలేదు, ఏళ్లపాటు కనబడలేదు. తర్వాత హైదరాబాద్ కంపెనీలు చేసిన ఇదే రకం (సార్టాన్) మాత్రల కొన్ని బ్యాచ్‌లనూ అమెరికాలో వెనక్కి తీసుకున్నారు. ఇంట్లో ఉన్న మాత్ర ఆ బ్యాచ్‌దో కాదో చెప్పేది ఆ నంబరే.

మన మెడికల్ షాపుల్లో ఐదు మాత్రలు అడిగితే కత్తెరతో కత్తిరించి ఇస్తారు. నంబరు ఉన్న ముక్క చాలాసార్లు షాపులోనే ఉండిపోతుంది. కాబట్టి బిల్లు అడగండి, అందులో బ్యాచ్ నంబరు రాయించుకోండి.

మన దేశంలో మందుల సైడ్ ఎఫెక్టులపై నిఘా పెట్టే కార్యక్రమం 2010లో మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. 1800-180-3024కు ఫోన్ చేసి రోగులే నేరుగా చెప్పవచ్చు, పైసా ఖర్చు లేదు. అనుమానం ఉంటే చాలు, నిరూపించే బాధ్యత మీది కాదు, మాది. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ముందు డాక్టరుతో మాట్లాడండి.